పేరు తెలియని జ్వరము

మన భాషలో తలుపునకు కవాటమని పేరు. గుండెలోని గదుల నడుమను, గుండె నుండి బయలుదేరు పెద్ద రక్తనాళముల మొదటను అమరియున్న పలుచని రెక్కలకు మన వైద్యులు ఆ పేరే పెట్టుకొనుట నాకు ముచ్చటగా తోచును. నెత్తురు ముందునకు పోవునప్పుడు తెఱచుకొని, వెనుకకు మరలబోవునప్పుడు మూసికొనుట వాని పని. దినమునకు ఇంచుమించు లక్షసారులు అవి తెఱచుకొని మూసికొనుచున్నను మనకు ఆ ఊసే తెలియదు. ఏదైన ఒక రెక్క చెడినప్పుడు గాని వాని యునికి మనకు జ్ఞప్తికి రాదు.

మా చెల్లెలికి అట్టి తలుపు పదవయేటనే చెడినది. గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారములకు మోకాళ్లు, చీలమండలు ఒకదాని తరువాత నొకటి వాచి జ్వరము తగిలినది. అది రుమాటిక్ జ్వరమని తేలునప్పటికే ఎడమవైపు గదుల నడుమనుండు మైట్రల్ కవాటము ముడుచుకొనిపోయి, నెత్తురు కొంచెము కొంచెముగా వెనుకకు కారుట మొదలిడెను. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవిని ఎదిరించుటకు దేహము సిద్ధపఱచుకొన్న సేన పొరపడి స్వంత గుండెపైననే పడుట ఈ వ్యాధి స్వభావము. మూడు వారములకొకసారి పెనిసిలిన్ సూది వేయించుకొనుచునే ఆమె చదివినది, ఉపాధ్యాయినియైనది, పెండ్లాడినది, ఇద్దఱు బిడ్డలను కన్నది. తలుపు సరిగా పడదన్న మాట ఇంటిలో అందఱమును ఇంచుమించు మఱచియే యుంటిమి. ఆమె మాత్రము మెట్లెక్కునప్పుడెల్ల తలచుకొనుచుండెడిది.

2022వ సంవత్సరము శ్రావణమాసములో ఆమెకు జ్వరము వచ్చినది. పెద్ద జ్వరము కాదు. సాయంకాలమగునప్పటికి ఒడలు వెచ్చబడుట, రాత్రి చెమటపోసి రవిక తడియుట, అన్నము సయింపకుండుట, ఇంతే. ఊరిలోని వైద్యుడు మాత్రలిచ్చెను. జ్వరము తగ్గెను. మాత్రలు మానిన నాలుగవనాడు మరల వచ్చెను. ఈసారి వేఱొక రకము మాత్రలును, మూడు దినములు సూదులును. తగ్గెను, మరల వచ్చెను. ఇట్లు మూడు మాఱులు జరిగినవి. మన యిండ్లలో జ్వరమునకు కఱవా? మలేరియా యందుము, టైఫాయిడందుము, వానలో తడిసినదందుము. ఆ వైద్యుని నేను పూర్తిగా నిందింపలేను. కాని ఆమె గుండె సంగతి ఆయన ఎఱుగును. ఎఱిగియుండియు ఒక్క చుక్క నెత్తురైనను పరీక్షకు పంపక మందు మీద మందిచ్చుట మాత్రము నాకు నేటికిని మింగుడుపడదు.

నెలతిరుగునప్పటికి ఆమె చేతి గాజులు మోచేతి వఱకు జాఱుచుండెను. వ్రేలికొనలయందు కందిగింజంత ఎఱ్ఱని గడ్డలు లేచి, సుద్దముక్క పట్టుకొన్నను నొప్పి యనుచుండెను. మఱదిగారు ఆమెను విజయవాడ తీసికొనిపోయి ఒక యువవైద్యునికి చూపగా, ఆయన ముందుగా ఆ వ్రేళ్లను చూచి, పిదప గుండెకు గొట్టము పెట్టి విని, ఆ సాయంకాలమే హైదరాబాదునకు పంపివైచెను. ఆ గడ్డలకు ఆస్లర్ అను వైద్యుని పేరున్నదని తరువాత తెలిసికొంటిని. విలియం ఆస్లర్ 1885లో లండనులో ఇచ్చిన ఉపన్యాసములలో ఈ వ్యాధిని విపులముగా వర్ణించి, జ్వరముల గుంపులో ఇది తలదాచుకొని యుండునని వైద్యలోకమునకు ఎఱుకపఱచినాడు. కవాటమునకు సూక్ష్మజీవులు పట్టుటయే ఆ వ్యాధి. దాని ఇంగ్లీషు పేరు ఎండోకార్డైటిస్.

అదెట్లు పట్టునో చెప్పెదను. చెడిన తలుపు సందున నెత్తురు సుళ్లు తిరుగుచు పాఱును. అచ్చట పైపొర గీచుకొని చిన్న చిన్న నెత్తుటి గడ్డలు పేరుకొనును. పంటి చిగుళ్ల నుండియో, చర్మముమీది పుండు నుండియో నెత్తురులో ప్రవేశించిన సూక్ష్మజీవులు, ఆరోగ్యవంతుల గుండెలోనైనచో కొట్టుకొనిపోవలసినవి, ఈ గడ్డలకు అతుకుకొని అచ్చటనే కాపురము పెట్టును. వానిపై మరల గడ్డ, గడ్డపై మరల సూక్ష్మజీవులు. చెఱువుగట్టు రాతికి పాచి పట్టినట్లు పెరుగును. లోపలి సూక్ష్మజీవులు అరనిద్రలో నున్నట్లుండుటచే మందులు వానిని త్వరగా చంపలేవు. కావుననే నాలుగు వారములు మొదలు ఆఱు వారముల వఱకు నరములోనికి మందు ఎక్కింపవలసియుండును. ఈలోపల ఆ పాచిలో ముక్క యొకటి ఊడి మెదడునకు కొట్టుకొనిపోయెనా, పక్షవాతమే.

హైదరాబాదు ఆసుపత్రిలో ఎకో యంత్రముతో చూచిరి. మైట్రల్ రెక్కపై 12 మిల్లీమీటర్ల పాచిముద్ద ఊగుచున్నట్లు కనబడెను. వెంటనే రెండు చేతులనుండి, మూడు మాఱులుగా, ఆఱు సీసాలలోనికి నెత్తురు తీసిరి. ఒక్కొక్క సీసాకు 8 మొదలు 10 మిల్లీలీటర్లు. మా అమ్మ ఆ సీసాలను చూచి, “ఒంటిలో ఉన్న నెత్తురే అంతంతమాత్రము, అదికూడ పిండివేయుచున్నారు” అని కన్నీరు పెట్టుకొన్నది. ఆ మాట ఆనాడు నాకును నిజమే యనిపించెను. అంతయు కలిపినను ఒక చిన్న గ్లాసు నిండదు. నెత్తురులో తిరుగు సూక్ష్మజీవులు చాల కొద్దిగా నుండును గనుక, తీసిన నెత్తురు తక్కువైనచో అవి దొరకకయే పోవచ్చును. ఆ సీసాలలో సూక్ష్మజీవులకు ఇష్టమైన ఆహారముండును. వెచ్చని పెట్టెలో నుంచినయెడల అవి పెరిగి తమ యునికిని తామే చాటుకొనును. దీనినే కల్చరు పరీక్ష యందురు.

అయిదు దినములు గడచినవి. ఆఱు సీసాలలో ఒక్కదానిలోనైనను ఏమియు పెరుగలేదు.

“ఇచ్చటికి వచ్చుటకు ముందు యాంటిబయాటిక్ మందులు వాడిరా?” అని హృద్రోగ వైద్యుడు అడిగెను. మఱదిగారు చొక్కాజేబులోనుండి మూడు చీట్లు తీసి చూపిరి. ఆయన వానిని చదివి నిట్టూర్చి తిరిగి యిచ్చివేసెను. ఆ మందులు కవాటము మీది పాచిని చంపజాలలేదు గాని, నెత్తురులో తిరుగువానిని మాత్రము అణచివైచినవి. దొంగ ఇంటిలోనే ఉన్నాడు, గడపమీది అడుగుల గుఱుతులు మాత్రము తుడిచిపెట్టబడినవి.

ఈ సందర్భమున నాకొక సంగీతవిద్వాంసుని కథ గుఱుతునకు వచ్చును. గుస్టావ్ మాలర్ ఆస్ట్రియాదేశీయుడు, గొప్ప స్వరకర్త. ఆయన గుండె కవాటము కూడ చెడినదే. 1911లో న్యూయార్కునగరమున జ్వరముతో మంచము పట్టినప్పుడు వైద్యులు ఆయన నెత్తురు తీసి కల్చరు చేయగా స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవులు పెరిగినవి. శత్రువు పేరు స్పష్టముగా తెలిసినది. కాని ఆ శత్రువును చంపు మందు లోకములో పుట్టలేదు. ఆయనను ఓడమీద ఐరోపాకు చేర్చిరి. మే నెల 18వ తేదీన వియన్నాలో కన్నుమూసెను. పెనిసిలిన్ వచ్చిన తరువాత, 1944లో, బ్రూక్లిన్‌లో లియో లోవీ మొదలగు వైద్యులు ఏడుగురు రోగులకు దానిని ఎక్కించి నయము చేసినట్లు ప్రకటించువఱకు ఈ వ్యాధి పేరు వినుట మరణవార్త వినుటయే. మాలర్‌గారికి పేరు తెలిసియు మందు లేకపోయినది. మా చెల్లెలికి అల్మారా నిండ మందులున్నను పేరు తెలియకపోయినది.

పేరు తెలియనంతవఱకు ఏమి చేయుదురు? వచ్చియుండదగిన శత్రువులందఱిని లెక్కించి, అందఱికిని సరిపోవునట్లు మందులు గుప్పింతురు. ఆమెకు సెఫ్ట్రియాక్సోన్, వాంకోమైసిన్, జెంటామైసిన్ అను మూడు మందులు నరములోనికి ఎక్కించుచుండిరి. కడపటి రెండును మంచి మందులే గాని మూత్రపిండములకు కఠినమైనవి. జెంటామైసిన్ చెవిలోపలి సున్నితమైన భాగమును కూడ దెబ్బతీయవచ్చును. వినికిడి, నడకలో తూకము, రెండును ఆ భాగము చేతిలోనివే. ఎనిమిదవ దినమున మూత్రపిండముల పనిని తెలుపు క్రియాటినిన్ 0.8 నుండి 1.7కు పెరిగినది. ఆ రాత్రి ఆమె స్నానపుగదికి లేచి రెండడుగులు వేసి గోడ పట్టుకొని, “అక్కయ్యా, నేల పడవవలె ఊగుచున్నది” అన్నది. నేను వైద్యుని పిలిచితిని. ఆయన మోతాదు తగ్గించెను గాని మానివేయుటకు ధైర్యము చేయలేకపోయెను. మానిన మందే ఆ పేరులేని శత్రువునకు అసలైన మందైనచో?

ఆ దినములలోనే సూక్ష్మజీవశాస్త్ర విభాగపు డాక్టరమ్మతో నాకు పరిచయమైనది. నలువదియేండ్ల స్త్రీ, పొట్టిమనిషి, మాటలో తొందఱ. పరీక్షశాలలో కూర్చుండి సీసాలు చూచుట మాత్రమే ఆమె పని యని నేననుకొంటిని. ఆమె మంచము కడకు వచ్చి కుర్చీ లాగుకొని మా చెల్లెలిని ప్రశ్నించిన తీరు చూచినచో పెండ్లిచూపులకు వచ్చిన పెద్దముత్తైదువ ప్రశ్నలు దిగదుడుపే. ఇంటిలో పిల్లి ఉన్నదా? మేకలు, గొఱ్ఱెలు, పశువులు ఈనునప్పుడు దగ్గఱనుంటివా? పచ్చిపాలు త్రాగుదువా? పండ్లు ఏవైన కదులుచున్నవా? ఒక్కొక్క ప్రశ్న వెనుక ఒక్కొక్క శత్రువు.

కల్చరు సీసాలో ఎన్నడును పెరుగని సూక్ష్మజీవులు కొన్ని కలవట. కాక్సియెల్లా అనునది మేకలు, గొఱ్ఱెలు, పశువులు ఈనునప్పుడు వెలువడు మావి మున్నగువాని నుండి గాలిలో కలసి మనుష్యులకు సోకును. బార్టొనెల్లాలో ఒక జాతి పిల్లుల వలన, మఱొక జాతి బట్టలలో చేరు పేల వలన వచ్చును. ఈ రెండవ జాతియే 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధములో కందకములలోని సైనికులను జ్వరముతో పీడించినది. 1995లో ఫ్రాన్సుదేశపు వైద్యులు ఇల్లు వాకిలి లేని మువ్వురు పురుషుల గుండె కవాటములకు అదియే పట్టినట్లు కనిపెట్టి ప్రకటించిరి. వీనికి మామూలు మందులు చాలవు. కాక్సియెల్లా కవాటమునకు పట్టినచో డాక్సీసైక్లిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అను మందులను పదునెనిమిది నెలలకు తక్కువగాకుండ వాడవలసియుండును. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ వంశములోనిది. ఆ వంశములో మొదట పుట్టిన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ పరిశోధనశాల నుండి వెలువడినప్పుడు అచ్చటి పరిశోధనలకు అధిపతి మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఈ మాట డాక్టరమ్మతో అనగా ఆమె నవ్వి, “సుబ్బారావుగారి మందు మీ చెల్లెలికి అక్కఱలేకపోవుటయే మేలు” అన్నది. ఆ రెండింటికి రక్తరసములో చేసిన పరీక్షలు లేవనియే చెప్పినవి.

తొమ్మిదవ దినమున ఆమెకు ఆయాసము హెచ్చినది. కవాటపు రెక్క చినిగి నెత్తురు వెనుకకు పొంగుచున్నదనియు, శస్త్రచికిత్స తప్పదనియు చెప్పిరి. మేమెల్లరము బెంబేలుపడుచుండగా డాక్టరమ్మ మాత్రము శస్త్రచికిత్స గది తలుపు వద్దకు తానే వచ్చి, లోపలికి పోవు నర్సును ఆపి, “కవాటమంతయు ఫార్మలినులో పడవేయకుడు. మూడు ముక్కలు చేసి, ఒకటి ఫార్మలినులో, తక్కిన రెండును శుద్ధమైన వట్టి సీసాలలో నా కంపుడు” అని రెండు మాఱులు చెప్పి, చీటి కూడ వ్రాసి యిచ్చినది. నాకది చాదస్తమనిపించినది. తరువాత తెలిసినది, ఫార్మలినులో పడిన ముక్కలో సూక్ష్మజీవి పెరుగదు, దాని జన్యువును చదువుటయు కష్టమగును. ఇంటిల్లిపాది ఏడ్చుచున్న గడియలో ఆ చిన్న మాట జ్ఞాపకముంచుకొనువారు ఒకరుండుట అదృష్టమే.

ఆ మూడవ ముక్కతో చేసిన పరీక్షను గుఱించియే నేను ముఖ్యముగా వ్రాయదలచితిని. డాక్టరమ్మ నాకు శుభలేఖతో పోల్చి చెప్పినది. మన శుభలేఖలన్నియు ఒక్క మూసలోనివే కదా. “శ్రీరస్తు, శుభమస్తు” అను మొదలును, “మదర్పిత చందన తాంబూలాదులు స్వీకరించి” అను కొసయు ఏ ఇంటి శుభలేఖలోనైనను ఉండును. నడుమ వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు మాత్రము మాఱును. బాక్టీరియాలన్నింటిలోను 16 ఎస్ అని పిలువబడు జన్యువొకటి కలదు. ఇంచుమించు 1500 అక్షరముల పొడవు. అందు కొన్ని భాగములు అన్ని జాతులలోను ఒక్కటే, కొన్ని భాగములు జాతికొక తీరు. 1977లో అమెరికాదేశమున కార్ల్ వోస్, జార్జి ఫాక్స్ అను శాస్త్రజ్ఞులు ఈ జన్యువు ననుసరించి వచ్చు ఆర్. ఎన్. ఏ.ను పోల్చి చూచియే సూక్ష్మజీవుల వంశవృక్షమును క్రొత్తగా గీసిరి. అందఱికి సమానమైన భాగమును పట్టుకొన్నచో, పేరు తెలియని సూక్ష్మజీవిదైనను శుభలేఖ చేతికి దొరకును. నడిమి భాగము చదివినచో ఇంటిపేరు తెలియును.

కాని కవాటపు ముక్కలో ఆ శుభలేఖలు కొద్ది ప్రతులే యుండవచ్చును. వానిని చదువుటకు వీలగునంత విస్తారముగా అచ్చువేయవలెను. ఆ అచ్చుయంత్రమే పి. సి. ఆర్. అమెరికాలో కేరీ మలిస్ 1983లో దీనిని ఊహించి, 1993లో నోబెల్ బహుమానము పొందినాడు. డి. ఎన్. ఏ. పేటలు రెండును విడిపోవునట్లు 95 డిగ్రీల వేడి పెట్టుట, చల్లార్చి ప్రతియొక్క పేటకును మొదలు అతికించుట, మరల 72 డిగ్రీలకు తెచ్చి పేటను పూరించుట. ఒక ఆవృత్తికి ఒకటి రెండగును, రెండు నాలుగగును. ముప్పది ఆవృత్తులు తిరుగునప్పటికి ఒక్క ప్రతి 107 కోట్లకు మించును. చదరంగపు గళ్లలో ధాన్యపు గింజల కథ మన మందఱ మెఱిగినదే. ఇంతటి వేడికి ఓర్చి పనిచేయు పదార్థమొకటి కావలెను గదా. అది అమెరికాలోని ఎల్లోస్టోన్ వనమున మరగు వేడినీటి ఊటలలో బ్రదుకు సూక్ష్మజీవినుండి లభించినది. థామస్ బ్రాక్ అను ఆయన దానిని 1969లో లోకమునకు తెలిపెను. పొగలు గ్రక్కు ఊటలలో ఎవ్వరికిని పట్టని జీవిని వెదకుచు తిరిగిన మనిషి పని, తెనాలి ప్రాంతపు పంతులమ్మ మూత్రపిండములను కాపాడుటకు వచ్చునని ఎవ్వరనుకొందురు?

శస్త్రచికిత్స జరిగిన అయిదవ దినమున ఫలితము వచ్చినది. కల్చరునకు పెట్టిన రెండవ ముక్కలో ఏమియు పెరుగలేదు. మూడవ ముక్కలో నోటిలో కాపురముండు స్ట్రెప్టోకాకస్‌లలో మైటిస్ అను గుంపు దొరకినది. ఆ గుంపులోని దాయాదులలో సరిగా ఎవరన్నది ఈ పరీక్ష చెప్పలేదట. ఇంటిపేరు ఒక్కటే, అన్నదమ్ములలో ఎవరో తెలియదు. ఫార్మలినులోని మొదటి ముక్కను సూక్ష్మదర్శినితో చూచినవారికి గొలుసువలె కూర్చున్న గుండ్రని సూక్ష్మజీవులు కనబడినవి. రెండు సాక్ష్యములును కలిసినవి.

“సూక్ష్మజీవుల డి. ఎన్. ఏ. కలదు” అను మాట చదివి మఱదిగారి ముఖము తెల్లబోయినది. ఇంత మందు ఎక్కించినను అవి ఇంకను బ్రదికియే ఉన్నవా యని. డాక్టరమ్మ ఆయనను కూర్చుండబెట్టి చెప్పినది. ఈ పరీక్ష బ్రదికినదానిని, చచ్చినదానిని ఒక్కటే తీరున చదువును. సూక్ష్మజీవి చచ్చిన తరువాత కూడ దాని డి. ఎన్. ఏ. కవాటములో నెలల తరబడి నిలిచి యుండవచ్చును. శుభలేఖ దొరకినంతమాత్రమున పెండ్లి నేడు జరుగుచున్నదని కాదు. కల్చరు ముక్కలో ఏమియు పెరుగకపోవుటచే చాలవఱకు చచ్చినవనియే తలంపవచ్చును. కావున మందుల లెక్క శస్త్రచికిత్సనాటి నుండి మరల మొదలిడ నక్కఱలేదు, సరియైన మందు పడిన మొదటి దినము నుండి లెక్కింపవచ్చును.

మఱియొక లోటు కూడ ఆమె దాచక చెప్పినది. ఈ పరీక్ష పేరు చెప్పును గాని గుణము చెప్పదు. ఏ మందునకు లొంగునో, ఏ మందును ధిక్కరించునో కల్చరులో పెరిగిన సూక్ష్మజీవిపై మందు వేసి చూచినగాని పూర్తిగా తెలియదు. స్టఫిలోకాకస్ వంటి కొన్నింటికి మాత్రము, మందును ఎదిరించు మెక్-ఏ అను జన్యువున్నదా లేదా యని వేఱుగా వెదకి చూడవచ్చును. పరీక్షశాల నీటిలోనో, చర్మముమీదనో ఉండు అల్పజీవి డి. ఎన్. ఏ. పొరపాటున కలసి, నిరపరాధి పేరు పైకి వచ్చుటయు కలదు. నెత్తురుతో ఈ పరీక్ష చేసినచో, కవాటపు ముక్కతో చేసినంత నమ్మకముగా దొరకదు. నెత్తురులో సూక్ష్మజీవుల శుభలేఖలు కొద్ది, మన స్వంత డి. ఎన్. ఏ. కొండంత. ఐనను 2023లో ఈ వ్యాధిని నిర్ణయించు డ్యూక్ సూత్రములను సవరించినప్పుడు, కాక్సియెల్లా, బార్టొనెల్లా, ట్రోఫెరిమా అను మూడింటికి నెత్తురులో పి. సి. ఆర్. వలన దొరకిన సాక్ష్యమునకు ప్రధానస్థానమిచ్చిరి.

ఆ మధ్యాహ్నమే వైద్యులందఱు కూడి మాటలాడుకొని వాంకోమైసిన్, జెంటామైసిన్ రెండింటిని మానివేసిరి. నోటి స్ట్రెప్టోకాకస్‌లు సాధారణముగా లొంగు సెఫ్ట్రియాక్సోన్ ఒక్కటి మాత్రము దినమునకు 2 గ్రాములు నిలిపిరి. పెనిసిలిన్‌కే మాఱిన బాగుండదా యని మఱదిగారు అడుగగా, పేరు తెలిసి గుణము తెలియనివాని విషయమున కొంచెము పెద్దకఱ్ఱ చేతనుంచుకొనుటయే మేలని పెద్ద డాక్టరుగారు సెలవిచ్చిరి. నాలుగు దినములలో క్రియాటినిన్ దిగుట ప్రారంభించి, పదిదినములకు 1.0కి వచ్చినది. ఆఱు వారములు నిండిన పిదప ఇంటికి పంపిరి. నడకలోని తూకము మాత్రము పూర్తిగా తిరిగి రాలేదు. చీకటిలో నడువవలసి వచ్చినచో నేటికిని ఆమె గోడ తాకుచునే నడుచును. ఆ ఫలితము మఱి పదిదినములు ముందుగా వచ్చియుండినచో అదియు మిగిలియుండునేమో.

ముందుగా రావలెనన్న మొదటి జ్వరమునాడే నెత్తురు తీసియుండవలెను. నా ఆవేదన యంతయు అచ్చటనే. మొదటి మాత్ర మింగక మునుపు మూడు మాఱులు నెత్తురు తీసి కల్చరునకు పంపియుండినచో, ఆ సీసాలలోనే ఆ స్ట్రెప్టోకాకస్ పెరిగి, పేరును గుణమును రెండును చెప్పియుండెడిది. పి. సి. ఆర్. ఎంత గొప్పదైనను పోయిన సాక్ష్యమును వెదకి తెచ్చునది. అది ప్రతి యూరను లేదు, దానికి కవాటపు ముక్క కావలెనన్న ఎదురొమ్ము కోయవలెను. సోదరీమణులారా, మీ యింట చిన్నప్పుడు కీళ్లజ్వరము వచ్చినవారు గాని, కవాటము మార్పించుకొన్నవారు గాని, పుట్టుకతో గుండెలో లోపమున్నవారు గాని ఉన్నచో, కారణము తెలియని జ్వరము వచ్చినప్పుడు యాంటిబయాటిక్ మందునకు ముందుగా “గుండె సంగతి ఇది, మొదట నెత్తురు కల్చరు తీయింపుడు” అని మీరే నోరు తెఱచి అడుగుడు. ఆడువారు ఇంతమాత్రము అడిగినందులకు కోపగించు వైద్యుని వద్దకు రెండవమాఱు పోనక్కఱలేదు. వాడిన మందుల చీట్లు పాఱవేయకుడు. మఱదిగారి జేబులోని ఆ మూడు చీట్లే లేకున్న వైద్యులు ఇంకెన్ని చీకటిదారులు త్రొక్కియుందురో.

మా చెల్లెలి గుండెలో ఇప్పుడున్నది లోహపు కవాటము. రాత్రి నిశ్శబ్దముగా నున్నప్పుడు టిక్కు టిక్కుమని వినబడును. ఆమె చిన్నకుమార్తె దానిని గడియారమనును. నెత్తురు గడ్డకట్టకుండ జీవితాంతము వార్ఫరిన్ మాత్ర వేసికొనవలెను. దానికొఱకు గోంగూర, తోటకూర మానవలెనని ఎవ్వరో భయపెట్టిరి. మాననక్కఱలేదు, ఒక వారము గంపెడు, ఒక వారము శూన్యము గాక, ఎల్లప్పుడు ఇంచుమించు ఒక్క తీరున తినుమని వైద్యులు చెప్పినారు. ఆమె మరల పాఠశాలకు పోవుచున్నది.

ఎడమవైపు దవడపన్ను ఒకటి చాలకాలముగా పుచ్చియున్నది. శత్రువు ఆ ద్వారముననే వచ్చెనని డాక్టరమ్మ అనుమానము. దానిని తీయించుటకు ఈ నెల 20వ తేదీ నిర్ణయమైనది. ముందుగా వార్ఫరిన్ పరీక్ష చేయించవలెను. పన్ను తీయుటకు గంట ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఒక్కసారిగా వేసికొనవలెను. దంతవైద్యునికి చూపుటకై ఆ మాట వ్రాసియున్న అట్టముక్కను ఆమె చేతిసంచిలోనే యుంచుకొనుచున్నది. వెంట నేను పోవుచున్నాను.